నాలుగు పళ్ళ లెక్క

పోయిన నెలలో బాపట్లలో పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని పడి ఉన్నాను. డాక్టరు ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ చదివిన పిల్లే. చిన్న అద్దం లోపల పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, మీకెన్నేళ్ళండి?" అని అడిగింది. అరవై నాలుగు అన్నాను. నోట్లో అద్దంతో అన్న మాట ఆమెకు ఏమని వినిపించిందో తెలియదు. "పళ్ళు చూస్తే ఇంకో ఐదారేళ్ళు పెద్దవారిలా ఉన్నారండి" అని నవ్వింది. నేనూ నవ్వేవాణ్ణే కానీ, సరిగ్గా అప్పుడే రేపల్లె పెద్దాయన గుర్తొచ్చాడు.

ఆయన కూడా నన్ను మొదటిసారి చూసినప్పుడు ముఖం చూడలేదు. ఏదో మాటకు నేను నవ్వితే పళ్ళ వంక చూసి, "అరవై రెండు ఉంటయ్యి. ఎక్కువ నవ్వమాక సారూ, బయటపడిద్ది" అన్నాడు. అప్పటికి నేను జంతుశాస్త్రం లెక్చరరుగా రిటైరై నాలుగు నెలలైంది. సరిగ్గా అరవై రెండే.

ఆయన పోయి ఏడు నెలలు. రేపల్లె నుంచి పెనుమూడి వెళ్ళే దారిలో, కరకట్ట కింద ఒక రేకుల షెడ్డు, అందులో మూడు గుర్రాలు, పక్కన ఒక గదిలో ఆయనా, కూతురూ. పేరు నాకు తెలుసు కానీ, ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. గుర్రాల పెద్దాయన అంటే రేపల్లె బస్టాండులో ఎవరైనా దారి చూపిస్తారు. వయసులో ఉన్నప్పుడు తెనాలి స్టేషను దగ్గర జట్కా తోలాడట. ఆ తర్వాత ఏం చేశాడో, ఎన్ని కష్టాలు పడ్డాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ గుర్రాల నోళ్ళ గురించీ పొట్టల గురించీ మాత్రమే.

మనిషి సన్నగా, పొడుగ్గా, కొద్దిగా ముందుకు వంగి ఉండేవాడు. భుజాన తువ్వాలు. గుర్రాన్ని ముట్టుకునే ముందు ఆ తువ్వాలుతో రెండు చేతులూ తుడుచుకునేవాడు. ముట్టుకున్న తర్వాత తుడుచుకునేవాడు కాదు. ఆ చేత్తోనే టీ గ్లాసు పట్టుకునేవాడు, ఆ చేత్తోనే నాకూ అందించేవాడు. గుర్రాల ఎదుట కూర్చునేవాడు కాదు. "ఆళ్ళు నిలబడి ఉంటే మనం కూచుంటే ఏం బాగుంటది" అనేవాడు.

అన్నిటికంటే వింత ఆయన మర్యాద. గుర్రాలను "అండి" అనేవాడు, మనుషులను "నువ్వు" అనేవాడు. ఎర్రటి మగ గుర్రం ఒకటి ఉండేది, దాని పేరు దొరగారు. "దొరగారూ, కాస్త పక్కకు జరగండి. సారూ, నువ్వు ఇట్టా రా." ఎమ్మార్వో వచ్చినా అంతే, పాస్టరుగారు వచ్చినా అంతే. ముప్పై నాలుగేళ్ళు "సార్, సార్" అనిపించుకుని వచ్చిన నాకు ఇది మొదటి రోజే గుచ్చుకుంది. మనిషి కాస్త తేడా అనుకున్నాను.

అసలు నాకు గుర్రంతో ఏం పని అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. దీనికి నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. రిటైరైన వాళ్ళంతా పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నడుస్తున్నారు. ఒకాయన హోమియో మందులిస్తున్నాడు, ఒకాయన మేడ మీద ద్రాక్ష పెంచుతున్నాడు. నాకంటూ ఏదో ఒకటి ఉండాలి కదా. అప్పుడే తెనాలిలో ఒక పెళ్ళికి వెళితే, ఊరేగింపు గుర్రాల వ్యాపారం చేస్తున్న నా పాత విద్యార్థి కనిపించాడు. "సార్, ఒక మంచి ఆడ గుర్రం ఉందండి. గోధుమ రంగు. నాలుగు పళ్ళు. మీలాంటి శాస్త్రం తెలిసినవాళ్ళ చేతిలో పడితే బంగారం లాంటి పిల్లలను పెడుతుందండి" అన్నాడు. శాస్త్రం తెలిసినవాళ్ళు అన్న మాట దగ్గరే నేను పడిపోయాను.

అలాగని గుడ్డిగా కొనలేదు. నోరు తెరిపించి చూశాను. నాకు పశువుల పళ్ళు చిన్నప్పటి నుంచీ తెలుసు. కర్లపాలెంలో మా నాన్న బండలాగుడు పందేలకు గిత్తలను మేపేవాడు. ఆ పందేల్లో పళ్ళను బట్టే జతలను విడదీస్తారు. పాలపళ్ళవి ఒక వరస, రెండు పళ్ళవి ఒక వరస, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి. నాలుగు పళ్ళు వేసిన గిత్త అంటే మూడేళ్ళు దాటినట్టే. పదేళ్ళ వయసులోనే పందెం గిత్త నోట్లో చెయ్యి పెట్టి లెక్క చెప్పినవాణ్ణి నేను. గుర్రం పెదవులు ఎత్తి చూశాను. పాలపళ్ళ మధ్య పైన రెండు, కింద రెండు, కొత్తగా, పెద్దగా, పచ్చగా. రెండూ రెండూ నాలుగు. చుట్టూ ఉన్నవాళ్ళతో "కరెక్టే, నాలుగు పళ్ళే" అని నేనే సర్టిఫికెట్ ఇచ్చాను.

కర్లపాలెంలో మా చేలో పశువుల పాక ఖాళీగా ఉంది. దాన్ని బాగు చేయించి గుర్రాన్ని అందులో పెట్టించాను. వారం తిరక్కుండా గ్రౌండులో నడక మిత్రులందరికీ చెప్పేశాను, వచ్చే ఏడాది ఈపాటికి మా ఇంట్లో గుర్రప్పిల్ల ఉంటుందని. ఒకాయన మనవడు దాని మీద మొదట ఎక్కాలని కూడా తేల్చేశాం. అక్కడితో ఆగలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చీటీ మీద రాసిస్తారు కదా, నేను కూడా ఒక చీటీ రాసిచ్చాను. పాస్టరుగారు పరీక్షలు రాసేవారి కోసం, జబ్బుపడినవారి కోసం ప్రార్థించి, "మన లెక్చరరుగారి గుర్రం కోసం కూడా ప్రభువా" అని ఒక్క క్షణం ఆగి, ఏం అడగాలో తెలియక "నీ చిత్తం" అని ముగించారు. మా ఆవిడ ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

మంచి మగ గుర్రం కావాలంటే రేపల్లె పెద్దాయన దగ్గరకే వెళ్ళాలని అందరూ చెప్పారు. జనవరిలో మినీ లారీ మాట్లాడుకుని గుర్రాన్ని ఎక్కించుకుని వెళ్ళాను.

ఆయన నన్ను పలకరించలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని తిన్నగా గుర్రం దగ్గరకు వెళ్ళి, "రండి అమ్మాయిగారూ, ప్రయాణం ఇబ్బందైందా" అన్నాడు. కాసేపు మెడ నిమిరాడు. బొటనవేలు దాని పెదవి మూల పెట్టి నోరు తెరిచాడు. ఒక్క చూపు. మూసేశాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఎన్ని పళ్ళని చెప్పారు సారూ నీకు?"

"నాలుగు. నేనూ చూశాను" అన్నాను.

"ఎట్టా లెక్కేశావు?"

"పైన రెండు, కింద రెండు."

ఆయన కూతురు దాణా కలుపుతున్నదల్లా తల ఎత్తి చూసింది. పెద్దాయన నవ్వలేదు. నెమ్మదిగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"అది ఎద్దు లెక్క. ఎద్దుకి పైన ముందు పళ్ళుండవు, కిందయ్యే ఉంటయ్యి. నాలుగంటే కింద నాలుగు. గుర్రానికి పైనా కిందా ఉంటయ్యి. పైనవి కిందవి కలిపి లెక్కేస్తే ఎట్టా? ఈవిడ వేసింది ఒక్క జత. రెండున్నరేళ్ళ పిల్ల."

ఆవు నోట్లో పైదవడకు ముందు పళ్ళు ఉండవు. గుర్రానికి పైన ఆరు, కింద ఆరు ఉంటాయి. ఈ సంగతి ముప్పై నాలుగేళ్ళు ఏడాదికొకసారి నల్లబల్ల మీద దంత సూత్రంతో సహా రాసి, తప్పు రాసిన పిల్లలకు మార్కులు కోసినవాణ్ణి నేను. పాఠం చెప్పేటప్పుడు లెక్చరరును, గుర్రం కొనేటప్పుడు మాత్రం మా నాన్న కొడుకును. సిగ్గేసింది. ఆ సిగ్గును కోపంగా మార్చుకోవడానికి నాకు పెద్దగా టైము పట్టలేదు.

"అయితే ఏమైంది? ఎదకు వస్తోంది కదా. మూడు వారాలకోసారి వస్తోంది. ప్రకృతే సిద్ధం అంటుంటే మనం కాదనడం ఏమిటి?" అన్నాను.

"నువ్వేం చదువు చెప్పావు సారూ?"

"జంతుశాస్త్రం."

"పిల్లలు పాసయ్యేవాళ్ళా?"

నా జవాబు కోసం ఆగలేదు. ఆయనే అందుకున్నాడు. "మీ ఇంట్లో పిల్ల పెద్దమనిషయిందనుకో, మర్నాడే పెళ్ళి చేస్తావా? ఇంకా ఎముక ముదరలా. మోకాళ్ళు చూడు, ఎంత లేతగా ఉండయ్యో. తినే తిండి ఈవిడ పెరగటానికే చాలదు, పొట్టలో ఇంకో ప్రాణానికి ఏడ నుంచి తెచ్చిద్ది? పదకొండు నెలలు మొయ్యాలి. ఈనేప్పుడు నడుం ఎముకలు దారియ్యాలి. పాలపళ్ళన్నీ ఊడి కొత్తవి రావాలి, పైన ఆరు, కింద ఆరు. ఇంకో రెండు చలికాలాలు పోనీ. అప్పుడు తీసుకురా, దొరగారిని నేనే బతిమాలతా."

"రెండేళ్ళా!"

"ఆపైన కూడా ఈవిడ ఒప్పుకుంటేనే. దొరగారిని వెదురు దడికి అవతల నిలబెడతాం. ఈవిడ చెవులు ముందుకు పెడితే సరే. వెనక్కి పెట్టి తన్నిందా, ఆ రోజుకి ఇంటికి తీసుకుపోవటమే. కాళ్ళు కట్టి చేయించేవాళ్ళు ఉన్నారు. నేను చేయించను." తర్వాత నా ముఖం చూసి, మొదటిసారి కాస్త మెత్తగా అన్నాడు. "తొందరేముంది సారూ. ఈవిడ ముప్పై ఏళ్ళు బతికిద్ది."

తొందరేముందో ఆయనకేం తెలుసు? గ్రౌండులో ఎనిమిది మందికి చెప్పి ఉన్నాను. చర్చిలో ప్రార్థన కూడా అయిపోయింది.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. ఫిబ్రవరి మొదటి వారంలో గుర్రాన్ని తెనాలి తీసుకెళ్ళాను. నా విద్యార్థి దగ్గర ఊరేగింపులకు తిప్పే తెల్లటి పొడుగు మగ గుర్రం ఉంది. పెళ్ళిళ్ళలో తిరిగి తిరిగి దానికి డప్పుల మోత లేనిదే అడుగు కదిపే అలవాటు పోయింది. వాడు సెల్ ఫోనులో ఊరేగింపు డప్పులు పెట్టాడు. మా గుర్రం చెవులు ఎటు పెట్టిందో నేను చూడలేదు. చూడకూడదని అటు తిరిగి, గోడ మీద బ్యాండు మేళం పోస్టరు చదువుతూ నిలబడ్డాను. వచ్చేటప్పుడు లారీలో అది మూల నిలబడి ఉంటే, నేను ముందు సీట్లో కూర్చుని పుట్టబోయే పిల్లకు పేరు ఆలోచించాను.

ఆగస్టులో ఒకరోజు చేలో ఉండగా బస్సు దిగి పెద్దాయన నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో ఉలవల సంచి. "ఇట్టా బాపట్ల వచ్చా. అమ్మాయిగారిని చూసి పోదామని" అన్నాడు. బాపట్లలో ఆయనకేం పని ఉందో ఇప్పటికీ తెలియదు. దాన్ని చూడటానికే వచ్చాడని నా నమ్మకం.

నేను దారికి అడ్డం నిలబడి టీ తాగుదాం అన్నాను, కొబ్బరిబోండాం అన్నాను. ఆయన నన్ను దాటుకుని పాకలోకి వెళ్ళాడు. చేతులు తుడుచుకుని పొట్ట కింద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. నేను తిట్ల కోసం సిద్ధంగా ఉన్నాను. తిడితే తిరిగి అనడానికి రెండు ఇంగ్లీషు పుస్తకాల పేర్లు కూడా తయారుగా పెట్టుకున్నాను. ఆయన నాతో ఏమీ అనలేదు. గుర్రంతో, చాలా మెల్లగా, "మిమ్మల్ని అడిగారా అమ్మాయిగారూ?" అన్నాడు.

ఆ ఒక్క మాటకు నా పుస్తకాలు రెండూ ఎగిరిపోయాయి.

తర్వాత నా వైపు తిరిగి, "ఎప్పుడు దాటించావు?" అని అడిగాడు. అక్కడ కూడా నిజం చెప్పి ఉండవచ్చు. కానీ తేదీ కాస్త వెనక్కి జరిపితే గుర్రం ఇంకొంచెం పెద్దదయ్యాక చేయించినట్టు ఉంటుంది కదా అనిపించింది. "మార్చి నెలాఖరున" అన్నాను. అంటే దాదాపు రెండు నెలల అబద్ధం. అరవై రెండేళ్ళ వయసులో, హోమ్ వర్కు చెయ్యని పిల్లవాడిలా.

"సరే. అయితే ఫిబ్రవరి నెలాఖరుకి ఈనిద్ది" అన్నాడు. తిట్టలేదు. తిట్టి లాభం లేదనుకున్నాడేమో, వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. ఉత్త వరిగడ్డి వెయ్యకూడదు. ఉలవలు నానబెట్టి, తవుడు కలిపి, రెండు పూటలా. అలాగని కొవ్వు పట్టనివ్వకూడదు. రోజూ నడిపించాలి, పరుగు వద్దు. పొదుగు దిగితే నెల లోపు, చన్నుల కొసన మైనం లాంటిది కనిపిస్తే రెండు మూడు రోజుల్లో. పశువుల డాక్టరుకు ముందే చెప్పి ఉంచుకోవాలి. నేను బుద్ధిగా నోటు పుస్తకంలో రాసుకున్నాను. అందులో సగం నేను పిల్లలకు చెప్పిన పాఠమే, చెప్పేటప్పుడు నాకు అర్థం కాలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన ఫోను చేసేవాడు. నేను "బాగుంది పెద్దాయనా, బాగా తింటోంది" అని మొదలుపెడితే ఆపేవాడు. "నీ మాట కాదు సారూ. ఫోను ఆవిడ నోటి దగ్గర పెట్టు." ఉలవలు వేసి, ఫోను గుర్రం దవడ పక్కన పట్టుకుని నేను నిలబడేవాణ్ణి. అవతల ఆయన రెండు మూడు నిమిషాలు వినేవాడు. నములుడు చప్పుడు విని ఆకలి ఉందో లేదో, ఒంట్లో సుఖంగా ఉందో లేదో చెప్పేవాడు. ఆ దారిన పోయేవాళ్ళు లెక్చరరుగారికి ఏదో అయిందని చెప్పుకున్నారట. మా ఆవిడ కాదనలేదు. చప్పుడు వినడం అయ్యాక ఆయన "ఫోను అమ్మకియ్యి" అని మా ఆవిడతో మాట్లాడేవాడు. ఏం మాట్లాడేవాడో నేను పట్టించుకోలేదు.

డిసెంబరు వచ్చేసరికి నాకు నిద్ర పట్టడం మానేసింది. నా లెక్క ప్రకారం జనవరి మొదట్లో ఈనాలి. ఆయన లెక్క ప్రకారం ఫిబ్రవరి నెలాఖరు. గుర్రం పొట్ట పెరిగిపోయింది, వెన్నెముక తేలింది. ఫోను తీసి నిజం చెప్పాలని రోజూ అనుకున్నాను. చెబితే రెండు నెలలు అబద్ధమాడానని ఒప్పుకోవాలి. ఒక గుర్రం ప్రాణం ఒకవైపు, నా పరువు ఒకవైపు. నేను ఏ వైపు ఉన్నానో చెప్పక్కర్లేదు.

జనవరి రెండో తారీకు సాయంత్రం చేలోకి వెళ్ళేసరికి పాక ముందు పెద్దాయన నిలబడి ఉన్నాడు. భుజాన దుప్పటి, చేతిలో సంచి. "ఇంకా టైముంది కదా పెద్దాయనా" అని నోట్లోంచి వచ్చేసింది. అప్పుడు కూడా అదే అబద్ధం.

ఆయన పాక లోపలికి నడుస్తూనే జవాబు చెప్పాడు. "తేదీ నువ్వు చెప్పావు. పొదుగు మీ ఆవిడ చెప్పింది. నేను పొదుగును నమ్మా."

నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. ఏడ్చినంత పని అయింది, సిగ్గుతోనో, బరువు దిగినందుకో. బహుశా రెండూ. ఆయన మూడు రోజులు ఆ పాకలోనే ఉన్నాడు. మూడో రోజు సాయంత్రం చన్నుల కొసన మైనం చూసి, "వెళ్ళి పశువుల డాక్టరమ్మను తీసుకురా సారూ" అన్నాడు.

తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. ఉమ్మనీరు పోయింది. ఒక కాలి గిట్ట కనిపించింది, దాని వెనక ముక్కు. రెండో కాలు రాలేదు, లోపల మడతపడి ఉంది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, గుర్రం కాన్పు అంతకు ముందు చూడలేదట. పెద్దాయన ఆమెతో, "అమ్మా, నీ చెయ్యి సన్నం. నువ్వు పెట్టు. ఎట్టా తిప్పాలో నే చెప్తా. ఆవిడ ముక్కినప్పుడు ఆగు, ఆపినప్పుడు నెట్టు" అన్నాడు. గుర్రం తలను తన ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు మాత్రం నేల మీద కూర్చున్నాడు. ఆయన గుర్రం ముందు కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే. నేను ఏదో సలహా చెప్పబోయాను. "సారూ, నువ్వు మాట్లాడకుండా నిలబడు. అదే పెద్ద సాయం" అన్నాడు.

కాలు సర్దుకుంది కానీ దారి చాలలేదు. ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. పిల్ల బయటికి వచ్చేసరికి ఎండ పడింది. తల్లి పోలికే, గోధుమ రంగు. నుదుటి మీద తెల్ల చుక్క. ముక్కులు తుడిచారు, రుద్దారు, డాక్టరమ్మ సూది వేసింది. ఊపిరి రాలేదు.

పెద్దాయన తన దుప్పటి తీసి పిల్లకు కప్పాడు. తల్లి బతికింది. మాయ పూర్తిగా పడిందో లేదో ఆయన పరిచి చూశాడు, నీళ్ళు తాగించాడు, తువ్వాలుతో ఒళ్ళంతా తుడిచాడు. అది లేచి నిలబడి, తల తిప్పి దుప్పటి వైపు చూసింది. ఆయన దాని మెడ మీద చెయ్యి వేసి, "క్షమించండి అమ్మాయిగారూ. సార్ తరఫున నేను అడుగుతున్నా" అన్నాడు.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. నేను నిలబడే ఉన్నాను. నా నోరు నా దగ్గరే ఉంది, మాట మాత్రం రాలేదు. ఆయన బస్సెక్కేటప్పుడు కూడా నన్ను ఏమీ అనలేదు. "పళ్ళన్నీ వచ్చాక తీసుకురా. వచ్చే చలికాలం పోయాక" అన్నాడు, అంతే. ఆదివారం ఫోన్లు మామూలుగానే వచ్చాయి. జూలైలో ఆగిపోయాయి. నిద్రలోనే పోయాడని కూతురు చెప్పింది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. షెడ్డులో దొరగారు మేత ముట్టకుండా నిలబడి ఉన్నారు.

పళ్ళ డాక్టరు కుర్చీలోంచి లేచిన మర్నాడు నేను కర్లపాలెం వెళ్ళి, చేతులు తుడుచుకుని, గుర్రం నోరు తెరిచి చూశాను. ఈసారి పైనవి విడిగా, కిందవి విడిగా లెక్కపెట్టాను. పైన ఆరు. కింద ఆరు. నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టాను. ఆయన చెప్పిన రెండు చలికాలాలూ అయిపోయాయి. ఎద లక్షణాలు కనిపించిన రోజు చూసుకుని రేపల్లెకు లారీ మాట్లాడాను.

ఇప్పుడు షెడ్డు కూతురే చూసుకుంటోంది. నేను నోటు పుస్తకం తెరిచి, ఏ నెలలో ఏ పన్ను వచ్చిందో, ఎద ఎప్పుడు మొదలైందో చదవబోయాను. ఆమె మొహమాటంగా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమనుకోకండి సార్. నాన్న చెప్పి పోయారండి. సార్ వస్తే తేదీలు అడగొద్దు, తిన్నగా నోరే చూడమన్నారండి."

"చూడమ్మా" అన్నాను. ఇంకేం అంటాను?

తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "ఏదీ అమ్మాయిగారూ, ఒక్కసారి" అంటూ బొటనవేలు పెదవి మూల పెట్టింది. అచ్చం ఆయన లాగే. "అన్నీ వచ్చినయ్యండి" అంది. దొరగారిని వెదురు దడికి అవతల నిలబెట్టింది. నేను ఈసారి అటు తిరగలేదు, పోస్టర్లేమీ చదవలేదు. మా గుర్రం ముక్కు చాపి వాసన చూసింది. తర్వాత చెవులు రెండూ వెనక్కి పెట్టి, కీచుమని అరిచి, దడి అదిరేలా తన్నింది.

"ఇవాళ వద్దంటున్నారండి" అంది ఆమె.

"సరేనమ్మా" అని మళ్ళీ లారీ ఎక్కించాను. కరకట్ట దిగుతుండగా డ్రైవరు, "ఏంటి సార్, ఇంత దూరం వచ్చి పని కాలేదా?" అన్నాడు.

"లేదు బాబూ. ఆవిడ వద్దన్నారు" అన్నాను.

అతను నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. మొదటి రోజు పెద్దాయనను నేను చూసిన చూపే అది. కర్లపాలెం దాకా మళ్ళీ మాట్లాడలేదు పాపం.

పాకలో దించి, ఉలవలు పోసి, మెడ మీద చెయ్యి వేశాను. అటూ ఇటూ చూశాను, ఎవరూ లేరు. ఎవరైనా ఉంటే ఏమైందిలే అనుకున్నాను. "క్షమించండి అమ్మాయిగారూ. నా తరఫున నేనే అడుగుతున్నా" అన్నాను. చెప్పడానికి ఏడాది పైనే పట్టింది. అది తల ఎత్తలేదు, ఉలవలు తింటూనే ఉంది.

ఆ రోజు ఆదివారం. చెయ్యి దానంతటదే ఫోను మీదకు పోయింది. పెద్దాయన నంబరు నేను ఇంకా తీసెయ్యలేదు. మోగింది. కూతురు ఎత్తి, "సార్?" అంది. నేనేమీ చెప్పకుండా ఫోను గుర్రం దవడ పక్కన పట్టుకున్నాను. అటునుంచి చాలాసేపు మాట లేదు. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

తర్వాత, "బాగానే నములుతున్నారు సార్" అంది.